వైబ్రటోమ్‌తో మూడేళ్లు: ఒక న్యూరోసైన్స్ ల్యాబ్ టెక్నీషియన్ సమీక్ష

న్యూరోసైన్స్ ప్రయోగశాలలో రీసెర్చ్ టెక్నీషియన్‌గా చేరినవారికి మొదటి నెలలోనే పరిచయమయ్యే యంత్రాల్లో వైబ్రటోమ్ ఒకటి. మెదడును గడ్డకట్టించకుండా, మైనంలో పోత పోయకుండా, తడిగా ఉన్నది ఉన్నట్టుగానే పలుచని పొరలుగా కోసిపెట్టే యంత్రం ఇది. మా ప్రయోగశాలకు కొత్త వైబ్రటోమ్ వచ్చి మూడేళ్లయింది. దాన్ని పెట్టెలోంచి తీసి బల్ల మీద అమర్చిన రోజు నుంచి ఇవాళ్టి వరకు దాని ముందు ఎక్కువ గంటలు కూర్చున్నది నేనే. వారంలో మూడు రోజులు విద్యుత్ సంకేతాలు నమోదు చేసే పరిశోధకుల కోసం సజీవమైన స్లైసులు కోస్తాను, మిగిలిన రోజుల్లో పారాఫార్మాల్డిహైడ్ అనే రసాయనంలో ఫిక్స్ చేసిన, అంటే చెడకుండా గట్టిపరచిన మెదళ్లను కోస్తాను. ఈ రెండు పనులూ ఒకే యంత్రం మీద జరిగినా వాటి అవసరాలు పూర్తిగా వేరు కాబట్టి, సమీక్షలో కూడా వాటిని విడివిడిగానే చూస్తాను.

తయారీ సంస్థ పేరు, మోడల్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క యంత్రంతో నాకు ఎదురైన ఇబ్బందులను పట్టుకుని ఒక సంస్థ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం. పైగా ఈ తరగతి యంత్రాలన్నీ పనిచేసే పద్ధతి దాదాపు ఒకటే. నేను చెప్పే మంచిచెడ్డలు మీరు ఏ వైబ్రటోమ్ ఎంచుకున్నా పరిశీలించుకోదగినవే.

ముందుగా ఈ యంత్రం చేసే పని ఏమిటో చెప్పాలి. మెదడు చాలా మెత్తనిది. మామూలు బ్లేడుతో నేరుగా ముందుకు తోస్తే తెగదు, బ్లేడు ముందు నలిగి ముద్దవుతుంది. వైబ్రటోమ్‌లో బ్లేడు నెమ్మదిగా ముందుకు జరుగుతూనే, సెకనుకు కొన్ని పదుల సార్లు అటూ ఇటూ కదులుతుంది. రంపం కోసినట్టు పక్కకు కదిలే ఆ కదలిక వల్ల కణజాలం మీద ముందుకు తోసే ఒత్తిడి తగ్గి, పొర శుభ్రంగా విడివడుతుంది. మా యంత్రంలో పక్కకు కదిలే దూరాన్నీ, ముందుకు జరిగే వేగాన్నీ విడివిడిగా మార్చుకోవచ్చు. సజీవ స్లైసులకు నేను పక్క కదలికను 1 మిల్లీమీటరు దగ్గర, ముందుకు జరిగే వేగాన్ని సెకనుకు 0.08 మిల్లీమీటర్ల దగ్గర ఉంచుతాను. ఆ వేగంతో 10 మిల్లీమీటర్ల దూరం కోయడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. కొత్తగా చేరినవారికి ఆ రెండు నిమిషాలు భరించరానంత నెమ్మదిగా తోస్తాయి. మెదడును బయటికి తీసిన క్షణం నుంచీ కణాలకు సమయం మించిపోతోందని తెలిసిన మనిషికి చేయి వేగం బటన్ మీదికే పోతుంది. అక్కడ ఆగడం నేర్చుకోవాలి, ఎందుకంటే తొందరపడి పెంచిన వేగం మిగిల్చిన నిమిషం కంటే నలిపి చంపిన పొరే పెద్ద నష్టం.

ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించిన సదుపాయం బ్లేడు నిలువు కదలికను కొలిచే పరికరం. దాని గురించి కాస్త వివరంగా రాయక తప్పదు. బ్లేడు అటూ ఇటూ మాత్రమే కదలాలి, పైకీ కిందికీ కదలకూడదు. బ్లేడు హోల్డరులో కొద్దిపాటి వంకర ఉన్నా, పక్కకు వెళ్లే ప్రతిసారీ అంచు కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మేర లేచి పడుతుంది. అది కంటికి కనబడదు, చెవికి వినబడదు. కానీ సెకనుకు పదుల సార్లు పడే ఆ చిన్న దెబ్బ స్లైస్ ఉపరితలంలోని కణాలను కొట్టి చంపుతుంది. మా యంత్రంతో వచ్చిన పరికరంలో ఒక సన్నని కాంతి కిరణం ఉంటుంది. దాన్ని బ్లేడు ముందు అమర్చి కొలత ప్రారంభిస్తే, అంచు ఆ కిరణాన్ని ఎక్కడ అడ్డుకుంటుందో చూసి, నిలువుగా ఎన్ని మైక్రాన్ల తేడా వస్తోందో తెర మీద చూపిస్తుంది. హోల్డరు పక్కనున్న చిన్న మరను అటో ఇటో తిప్పి, మళ్లీ కొలిచి, తేడా 1 మైక్రాన్ లోపలికి వచ్చేదాకా సరిచేసుకోవాలి. చేయి అలవాటయ్యాక ఐదు నిమిషాలకు మించి పట్టదు.

ఆ ఐదు నిమిషాలు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే స్లైసుల చరిత్ర కొంత గుర్తు చేసుకోవాలి. శరీరం బయట, రసాయన ద్రవంలో ఉంచిన పలుచని మెదడు పొరల్లో కూడా విద్యుత్ చర్య నిలిచి ఉంటుందని యమమోటో, మెక్‌ఇల్వెయిన్ 1966లో చూపించారు. కణాల గుంపు మొత్తం నుంచి వచ్చే సంకేతాన్ని నమోదు చేసినంత కాలం పొర పైభాగం కొంత దెబ్బతిన్నా ఎలక్ట్రోడును లోపలికి దించి పని జరుపుకోవచ్చు. నేహెర్, సక్‌మన్ 1976లో ప్యాచ్ క్లాంప్ పద్ధతితో కణం పొరలోని ఒక్కొక్క అయాన్ ఛానెల్ (అయాన్లు దాటే సన్నని ద్వారం) గుండా పారే విద్యుత్తును నమోదు చేశారు, దానికి 1991లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1980ల చివరికి ఆ పద్ధతి మెదడు స్లైసుల్లోకి వచ్చింది. అప్పటి నుంచి పరిశోధకుడు మైక్రోస్కోపులో కణాన్ని కళ్లారా చూస్తూ, గాజు పిప్పెట్ మొనను దాని పొరకు ఆనించి పనిచేస్తున్నాడు. అలా స్పష్టంగా కనిపించేవి ఎక్కువగా పైనుంచి 50 మైక్రాన్ల లోతులోపు ఉన్న కణాలే. అంటే బ్లేడు దెబ్బ నేరుగా తగిలేది కూడా ఆ కణాలకే. 300 మైక్రాన్ల స్లైసులో కింది 250 మైక్రాన్లు ఎంత ఆరోగ్యంగా ఉన్నా, పై పొర చచ్చిపోతే ఆ స్లైస్ ప్యాచ్ చేసేవారికి పనికిరాదు.

దీన్ని నేను పుస్తకాల్లో చదివే తెలుసుకున్నా, నమ్మింది మాత్రం రెండో ఏడాదిలో వచ్చిన ఒక గడ్డు పక్షం తర్వాతే. పద్నాలుగు రోజుల పాటు మేము కోసిన ఏ స్లైసులోనూ మంచి కణం దొరకలేదు. పరారుణ కాంతిలో చూస్తే ఆరోగ్యమైన కణం అంచులు మెత్తగా, పొర నున్నగా కనిపించాలి. మాకు కనిపించినవన్నీ ఉబ్బిపోయి లోపలి కేంద్రకం గుండ్రంగా బయటపడినవి, లేకపోతే ముడుచుకుపోయి నల్లటి గీతలా తేలినవి. మొదట ద్రవాన్ని అనుమానించాం. కృత్రిమ మస్తిష్క మేరు ద్రవాన్ని, అంటే అందరూ ఏసీఎస్‌ఎఫ్ అని పిలిచేదాన్ని, మళ్లీ మళ్లీ తయారుచేశాం. ద్రవంలో కరిగిన పదార్థాల గాఢతను చూపే ఆస్మోమీటరులో కొలిస్తే, ఉండాల్సినట్టే 300కీ 310కీ మధ్యనే వస్తోంది. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న కార్బోజన్‌ను తగినంత సేపు బుడగలుగా పంపిన తర్వాతే కాల్షియం కలుపుతున్నాం, ద్రవం ఎక్కడా తెల్లబడలేదు. నీటి శుద్ధి యంత్రం ఫిల్టరు మార్చాం, కొత్త గ్లూకోజ్ డబ్బా తెరిచాం, సీసాలన్నీ మళ్లీ కడిగాం. ఫలితం మారలేదు. చివరికి ఒక సాయంత్రం, కోత పనేమీ లేని సమయంలో, యంత్రాన్ని మొదటి నుంచి తనిఖీ చేస్తుంటే బ్లేడు హోల్డరును పట్టి ఉంచే మర పావు చుట్టు వదులుగా ఉందని తెలిసింది. కొలత పరికరం పెట్టి చూస్తే నిలువు తేడా 9 మైక్రాన్లు. మర బిగించి, సరిచేసి, మర్నాడు కోసిన మొదటి స్లైసులోనే కణాలు కనిపించాయి.

తప్పు యంత్రానిది కొంత, నాది కొంత. అప్పటిదాకా నేను బ్లేడు మార్చినప్పుడల్లా కాకుండా, ఎప్పుడో ఒకసారి మాత్రమే ఆ కొలత తీస్తున్నాను. కానీ యంత్రం వైపు నుంచి చూస్తే, రోజూ కంపించే భాగాన్ని పట్టి ఉంచే మర దానంతట అది వదులయ్యే అవకాశం ఉందని తయారీదారులకు తెలియని విషయం కాదు. కొలత తీయకుండా కోత మొదలుపెడితే ఒక హెచ్చరిక చూపించడం కష్టమైన పనీ కాదు. వాడుక పుస్తకంలో ఈ మర ప్రస్తావన ఒక్క వాక్యం ఉంది, అదీ రవాణా సూచనల పేజీలో. ఆ పక్షం రోజుల్లో వృథా అయిన చిట్టెలుకల లెక్క ఇప్పటికీ నా నోటుబుక్కులో ఉంది. ప్రతి స్లైస్ వెనుక ఒక ప్రాణి ఉంటుంది. అవసరానికి మించి ఒక్క జంతువును కూడా వాడకూడదన్న నియమానికి కట్టుబడి పనిచేసే చోట ఇలాంటి లోపాన్ని చిన్నదని కొట్టిపారేయలేం. ఈ ఒక్క కారణంతోనే, నిలువు కదలికను కొలిచే సదుపాయం లేని వైబ్రటోమ్‌ను సజీవ స్లైసుల కోసం తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఉన్న యంత్రాన్ని తీసుకుంటే, ప్రతి కొత్త బ్లేడుకూ ఆ కొలతను నోటుబుక్కులో రాయడం అలవాటు చేసుకోండి.

చల్లదనం విషయానికి వద్దాం. మెదడును తీసిన వెంటనే గడ్డకట్టడానికి దగ్గరగా చల్లబరచిన ద్రవంలో ముంచుతాం. ఆ ద్రవంలో సోడియం తగ్గించి దాని స్థానంలో సుక్రోజ్ లేదా కోలిన్ వంటి మరో పదార్థం వేస్తారు, కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచుతారు. కోత సమయంలో కణాలు అదుపు తప్పి ఉత్తేజితమై, తమను తామే నాశనం చేసుకోకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. కోస్తున్నంతసేపూ ఆ చల్లదనం నిలవాలి. మా యంత్రంలో ద్రవం ఉండే తొట్టె చుట్టూ ఐస్ నింపుకునే మరో తొట్టె ఉంది. విద్యుత్తుతో చల్లబరిచే ఏర్పాటు విడిగా కొనుక్కోవాలి, మేము కొనలేదు. ఐస్‌ను పొడిలా దంచి, నీరు కలిపి నింపితే అరగంట వరకు చల్లదనం బాగానే ఉంటుంది. ఒక మెదడుకు అది చాలు. ఒకే ఉదయం వెంటవెంటనే రెండు మెదళ్లు కోయాల్సి వచ్చినప్పుడు మాత్రం రెండోదానికి ముందు ఐస్ మొత్తం మార్చుకోవాలి. అందుకు తొట్టెను పూర్తిగా బయటికి తీయాల్సి రావడం ఇబ్బందే. ఐస్ తొట్టె కింద నీరు వదిలే గొట్టం చాలా సన్నగా ఉండి, దంచిన ఐస్ ముక్కలు అందులో ఇరుక్కుంటాయి. రెండు వేళ్లు పట్టేంత గొట్టం పెట్టి ఉంటే రోజుకు పది నిమిషాలు మిగిలేవి.

తొట్టె గురించి మరో మాట చెప్పాలి. దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు, చెప్పకపోతే నష్టం మాత్రం పెద్దది. పారాఫార్మాల్డిహైడ్ తగిలిన తొట్టెలో సజీవ కణజాలాన్ని కోయకూడదు. ఎంత కడిగినా మూలల్లో, సీళ్లలో కొద్దిపాటి జాడ మిగులుతుంది, ఆ జాడ కూడా సజీవ కణాలకు విషమే. మా యంత్రంతో ఒకే తొట్టె, ఒకే బ్లేడు హోల్డరు, ఒకే నమూనా పళ్లెం వచ్చాయి. రెండు రకాల పనికీ ఇదే యంత్రం వాడతామని ముందే చెప్పినా, అమ్మకపు ప్రతినిధి రెండో సెట్ మాట ఎత్తలేదు. తర్వాత ఆర్డర్ పెట్టిన రెండో సెట్ చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అంతవరకూ ఫిక్స్ చేసిన మెదళ్లను ఆపి ఉంచాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక సెట్ మీద ఎరుపు టేపు, మరో సెట్ మీద నీలం టేపు అంటించి, వేర్వేరు అరల్లో పెడుతున్నాను. బ్రష్షులు, చిమటాలు, స్లైసులు ఎత్తే వెడల్పాటి పిప్పెట్లు కూడా అంతే. అవి యంత్రంతో రాకపోయినా, పొరపాటు ఎక్కువగా జరిగేది వాటితోనే.

నమూనా పళ్లేన్ని అయస్కాంతంతో పట్టి ఉంచే ఏర్పాటు నాకు బాగా నచ్చింది. పాత యంత్రంలో మర బిగించేటప్పుడు పళ్లెం కదిలి, అతికించిన మెదడు ఊడిపోయిన సందర్భాలున్నాయి. ఇక్కడ పళ్లేన్ని దించగానే అతుక్కుంటుంది, కావలసిన కోణానికి తిప్పుకోవచ్చు, కొద్దిగా వంచుకోవచ్చు కూడా. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో ఒక కణ సమూహం నుంచి మరో సమూహానికి వెళ్లే నాడీ తంతువులు తెగిపోకుండా స్లైసులోనే నిలవాలంటే కోత కోణం సరిగ్గా కుదరాలి. ఆ సవరణ కోత మొదలైన తర్వాత కూడా చేసుకునే వీలుండడం పరిశోధకులకు నిజంగా ఉపకరించింది. అతికించడానికి మామూలు సైనోఅక్రిలేట్ జిగురే వాడతాం. జిగురును పలుచగా రాయాలి, మెదడు కింది భాగాన్ని వడపోత కాగితంతో ఒక్క క్షణం అద్ది తేమ తీయాలి. జిగురు ఎక్కువై పక్కలకు పాకితే అక్కడ గట్టిపడి, బ్లేడు వచ్చినప్పుడు మెదడును లాగేస్తుంది. మెదడు పైనున్న సన్నని పొరలను కూడా ముందే తీసివేయాలి. బ్లేడు వాటిని కోయలేక ముందుకు నెడుతుంది, అప్పుడు దాని వెనుకున్న కార్టెక్స్ (మెదడు వెలుపలి భాగం) నలిగిపోతుంది. మెదడు వెనుక జెల్లీలాంటి అగరోజ్‌తో చేసిన ఒక దిమ్మెను ఆసరాగా అతికిస్తే కోత చివర్లో వెనక్కి వంగదు. ఇవి యంత్రం గుణాలు కావు. అయినా ఈ పనులు సరిగ్గా జరగకపోతే ఎంత మంచి యంత్రమైనా చెడ్డదిగానే కనిపిస్తుంది, అందుకే రాశాను.

బ్లేడు వెనక్కి వచ్చేటప్పుడు నమూనా కొద్దిగా కిందికి దిగే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. లేకపోతే వెనక్కి వచ్చే బ్లేడు అప్పుడే కోసిన ఉపరితలాన్ని గీకుతూ వస్తుంది. ఎన్ని మైక్రాన్లు దిగాలో మనమే నిర్ణయించుకోవచ్చు. తర్వాతి కోతకు మళ్లీ సరిగ్గా అదే ఎత్తుకు వస్తుందా అని మొదట్లో నాకు సందేహం ఉండేది. ఫిక్స్ చేసిన కణజాలం మీద వరుసగా 50 మైక్రాన్ల సెక్షన్లు కోసి, మైక్రోస్కోపు ఫోకస్‌తో మందం కొలిచి చూశాను. మొదటి రెండు సెక్షన్లు తప్ప మిగిలినవన్నీ ఒకదానికొకటి సరిపోయాయి. మొదటి రెండింటిలో తేడా ఏ యంత్రంలోనైనా ఉంటుంది.

ఫిక్స్ చేసిన మెదళ్ల విషయంలో మాత్రం నా అభిప్రాయం అంత ఉత్సాహంగా లేదు. కోత నాణ్యతలో లోపమేమీ లేదు. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఒక రాత్రి ఉంచిన చిట్టెలుక మెదడును 40 మైక్రాన్ల సెక్షన్లుగా అందంగా కోస్తుంది. గడ్డకట్టించే పని లేదు కాబట్టి మంచు స్ఫటికాలు కణజాలంలో రంధ్రాలు చేసే ప్రమాదం లేదు. ఇబ్బందంతా సమయంతోనే. 10 మిల్లీమీటర్ల పొడవును 40 మైక్రాన్ల చొప్పున కోస్తే 250 సెక్షన్లు వస్తాయి. వేగం పెంచి, ఒక్కో సెక్షన్ అర నిమిషంలో పూర్తి చేసినా రెండు గంటలకు పైగా పడుతుంది. ప్రతి సెక్షన్‌నూ బ్రష్షుతో ఎత్తి, వరుస తప్పకుండా బఫర్ ఉన్న గుంటల పళ్లెంలో వేస్తూ పోవాలి. ప్రతి ఆరో సెక్షన్‌లో కణాలు లెక్కించే పద్ధతి వాడేవారికి ఒక్క సెక్షన్ వరుస తప్పినా లెక్క మొత్తం పాడవుతుంది. ఇదే మెదడును 30 శాతం సుక్రోజ్ ద్రావణంలో మునిగేదాకా ఉంచి, గడ్డకట్టించి, జారుడు మైక్రోటోమ్ మీద కోస్తే పని చాలా త్వరగా అవుతుంది. అందువల్ల ఒక అధ్యయనానికి ముప్పై నలభై మెదళ్లు కోయాల్సిన ప్రయోగశాల కేవలం ఈ పని కోసమే వైబ్రటోమ్ కొనడం సరికాదు. పది, ఇరవై మైక్రాన్ల సెక్షన్లు కావలసినవారికి గడ్డకట్టించిన కణజాలాన్ని కోసే క్రయోస్టాట్ ఉండనే ఉంది. కణాల ఆకృతి చెదరకుండా 100 మైక్రాన్లు, అంతకుమించిన మందమైన సెక్షన్లు కావలసినప్పుడు మాత్రం వైబ్రటోమ్‌కు సాటి లేదు.

బ్లేడుల గురించి కొంచెం. మా హోల్డరులో మామూలు గడ్డం గీసుకునే రెండంచుల బ్లేడును మధ్యకు విరిచి సగం పెట్టుకోవచ్చు, ప్రత్యేకంగా తయారుచేసిన సిరామిక్ బ్లేడునూ పెట్టుకోవచ్చు. మామూలు బ్లేడు మీద నూనె పూత ఉంటుంది. దాన్ని అసిటోన్‌తోనో ఇథనాల్‌తోనో తుడిచి, శుద్ధమైన నీటితో కడగకుండా వాడితే ఆ పూత తొట్టెలోకి దిగుతుంది. ఒక మెదడుకు ఒక సగం వాడి పారేస్తాను. సిరామిక్ బ్లేడు అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది, నిలువు తేడా కూడా దానితో తేలికగా సరిపడుతుంది. కానీ చిమటా ఒక్కసారి తగిలితే అంచు పెచ్చు ఊడుతుంది, ఆ పెచ్చు ఊడిన చోటు ప్రతి స్లైసులోనూ ఒక గీతగా కనిపిస్తుంది. వయసు మళ్లిన జంతువుల మెదడులోనూ, మెదడు కాండంలోనూ మైలిన్ (నాడీ తంతువుల మీది కొవ్వు పూత) ఎక్కువగా ఉండడం వల్ల కణజాలం గట్టిగా ఉంటుంది. అక్కడ సిరామిక్ బ్లేడే మేలని నాకు స్పష్టంగా తెలిసింది.

నియంత్రణ పలక విషయంలో సంస్థ బాగా ఆలోచించింది. చేతులకు తడి గ్లవ్స్ ఉంటాయి, ఒక చేతిలో పిప్పెట్ ఉంటుంది. ఆ స్థితిలో నొక్కగలిగేంత పెద్ద బటన్లు, కాలితో నొక్కే పెడల్ ఇచ్చారు. కోత మొదలయ్యే చోటునూ ముగిసే చోటునూ గుర్తు పెట్టుకుని, బ్లేడు ఆ హద్దుల మధ్యే తిరుగుతుంది. ఒక్కొక్కరి కొలతలను వేరువేరుగా దాచుకోవచ్చు. పరిశోధకులు ఐదుగురుంటే ఐదు రకాల కొలతలు ఉంటాయి కాబట్టి ఇది చిన్న సౌకర్యం కాదు. భూతద్దమూ దీపమూ మాత్రం సరిపోవు. తెల్లని కణజాలం, పారదర్శకమైన ద్రవం, వాటి మీద సూటిగా పడే తెల్లటి కాంతి కలిసి, సెరిబెల్లమ్ (చిన్న మెదడు) మడతలు కూడా సరిగ్గా కనిపించవు. నేను పక్కనుంచి పడేలా మరో దీపం అమర్చుకున్నాను, తొట్టె అడుగుకు నల్లటి రంగు ఉన్నది అడిగి తెప్పించుకున్నాను. ఆ రెండింటితో చూపు తేటపడింది.

యంత్రాన్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా కొనే ముందే ఆలోచించుకోవాలి. ఇది పుట్టించే కంపనం బల్ల ద్వారా పాకుతుంది. మొదట్లో స్థలాభావం వల్ల ప్యాచ్ క్లాంప్ గదిలోనే ఒక మూల పెట్టాం. ఒకరు కోస్తుంటే మరొకరు నమోదు చేయలేకపోయేవారు, పిప్పెట్ మొన కణం మీద నిలిచేది కాదు. పక్క గదికి మార్చాక ఆ గొడవ తీరింది. కోసిన స్లైసులను 32 నుంచి 34 డిగ్రీల వెచ్చని ద్రవంలో అరగంట తేరుకోనిచ్చి, ఆపై గది ఉష్ణోగ్రతలో ఉంచుతాం కాబట్టి వాటిని గోడ దాటించి తీసుకెళ్లడంలో ఇబ్బందేమీ రాలేదు.

శుభ్రపరచడం ఈ యంత్రం బలహీనత. ఉప్పు ద్రవం ఎక్కడ చిందినా ఆరిన తర్వాత తెల్లటి పొడిగా మిగిలి, లోహాన్ని తింటుంది. బ్లేడు చేయి లోపలికి వెళ్లే సందు మీద రబ్బరు కప్పు ఉన్నా, దాని అంచు కింద ద్రవం చేరుతుంది. అక్కడికి గుడ్డ చేరదు, దూది చుట్టిన పుల్లతో తుడవాలి. పని ముగిసిన ప్రతిసారీ శుద్ధమైన నీటితో తుడిచి, ఆరబెట్టి, వారానికొకసారి ఆ రబ్బరు కప్పు తీసి చూస్తున్నా, రెండో ఏడాది చివరికి ఒక బేరింగ్ దగ్గర తుప్పు కనిపించింది. సర్వీస్ ఇంజనీరు వచ్చి మార్చాడు. ఆయన పనితనం గురించి చెప్పుకోవాలి. యంత్రాన్ని విప్పినంతసేపూ నన్ను పక్కన నిలబెట్టుకుని, ఏ మర ఎంత బిగువుగా ఉండాలో, ఏది నేనే చూసుకోవచ్చో, దేనికి తనను పిలవాలో చూపించాడు. వాడుక పుస్తకంలో లేనివన్నీ ఆ మూడు గంటల్లో నేర్చుకున్నాను. ఆయన రావడానికి మాత్రం ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలు పాత యంత్రమే మమ్మల్ని ఆదుకుంది. పాతదాన్ని మార్పిడిలో ఇచ్చేయమని అడిగితే, వీలైనంతవరకు ఇవ్వకండి.

మొత్తం మీద, ప్యాచ్ క్లాంప్ కోసం సజీవ స్లైసులు క్రమం తప్పకుండా కోసే ప్రయోగశాలకు ఈ తరగతి వైబ్రటోమ్‌ను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఇప్పుడు మాకు ఒక చిట్టెలుక మెదడు నుంచి వచ్చే హిప్పోకాంపస్ స్లైసుల్లో దాదాపు అన్నీ పనికొస్తున్నాయి, పాత యంత్రం మీద సగమే పనికొచ్చేవి. కొనే ముందు ప్రదర్శనకు వచ్చే ప్రతినిధి సాధారణంగా లేత వయసు జంతువు కార్టెక్స్‌ను కోసి చూపిస్తానంటాడు. అది ఏ యంత్రమైనా కోస్తుంది. మీ ప్రయోగశాలలో అన్నిటికంటే కష్టమైన కణజాలం ఏదో, అదే ఆయన ముందు పెట్టండి. ముసలి జంతువు మెదడు కాండమైతే మరీ మంచిది. బ్లేడును మీ టెక్నీషియన్ చేతే అమర్చించండి, నిలువు తేడాను వారి చేతే సరిచేయించండి. స్లైసులు తొట్టెలో అందంగా తేలడం చూసి సంతకం పెట్టవద్దు. గంటసేపు తేరుకోనిచ్చి, మైక్రోస్కోపు కింద పెట్టి, పై 50 మైక్రాన్లలో బతికి ఉన్న కణాలను చూసిన తర్వాతే, రెండో తొట్టె, రెండో హోల్డరు, రెండో పళ్లెం కలిపి ఆర్డర్ రాయండి.